ఖాళీ బండి తూకం

ఎర్రనది ఊళ్ళోకి వచ్చి మూడు వారాలు కాపురం పెట్టి వెళ్ళిన ఏడు అది. ఆ ఏడుకి అంకె ఉంది గానీ ఇటువైపు ఎవరూ అంకె చెప్పరు. పెద్ద నీళ్ళ ఏడు అంటారు. నీళ్ళు నిలిచిన గుర్తు మనిషి నడుమెత్తున మట్టిరంగు గీతలాగా ప్రతి గోడ మీదా ఉండేది. ఊరి గాదె మీదా ఉండేది.

ఆ జూలై ఆఖరి రోజు పొద్దున కోర్నీ ఫాల్క్ మోకాళ్ళ మీద కూర్చుని కాటా సందులు గీకుతున్నాడు. లారీ మొత్తం ఎక్కే కాటా అది. గాదె నడవలో నేలతో సమంగా పరిచిన చెక్కబల్ల. దాని అంచుల్లో గింజ ఇరుక్కున్నా, మట్టి పెళ్ళ ఇరుక్కున్నా లోపలి కడ్డీ నిజం చెప్పదు. అందుకని రోజూ పాత కత్తితో సందులన్నీ గీకి, చీపురు పట్టి, అప్పుడు తలుపులు తీసేవాడు. ఇరవై ఏళ్ళ పైమాట. ఇవాళ్టితో ఆఖరు. ఆ సంగతి చీపురుకి తెలియకూడదన్నట్టు ఎప్పటిలాగే ఊడ్చాడు.

పొడుగాటి మనిషి, భుజాలు ముందుకి వంగిపోయాయి. కనుబొమల్లో గింజ దుమ్ము స్నానం చేసినా పోదు. కుడి కంటి మీద పొర మొదలైంది. చెవులు మాత్రం పెద్దవి, గట్టివి. వాటిలో ఎడమదాని మీద ఒక పెన్సిలు ముక్క.

ఆ పెన్సిలు సంగతి ఊరందరికీ తెలుసు. కాటా కడ్డీ మీద పది పౌన్లకి ఒక గాటు ఉంటుంది. ఒక్కోసారి తూకం రెండు గాట్ల నడుమ ఆగి ఊగుతుంది. ఆ సగం ఎవరిది? రైతుదా, గాదెదా? కోర్నీ ఒకసారి రైతుకి వేసేవాడు, తర్వాతిసారి గాదెకి. ఈసారి ఎవరి వంతో మరిచిపోకుండా పెన్సిలుని చెవి మార్చేవాడు. ఎడమ చెవి మీద ఉంటే రైతు వంతు, కుడి చెవి మీద ఉంటే గాదె వంతు. పిల్లలు కూడా బజార్లో ఆయన చెవులు చూసి, "నాన్నా, ఇవాళ మన చెవే" అని అరిచేవాళ్ళు.

ఇంకో అలవాటు కూడా ఉంది. తూచేటప్పుడు వీపు కిటికీకి పెట్టేవాడు. కాటా మీద ఎవరి బండి ఉందో చూడడు. "మొహం చూస్తే చెయ్యి ఎటో ఒకవైపు మొగ్గుద్ది," అని ఒక్కసారే అన్నాడు, కొత్తలో. మళ్ళీ ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అలవాటు ఊరికే రాలేదు. రైతులు వాటాలు వేసుకుని ఈ గాదె కట్టుకోకముందు ఊళ్ళో ఒక కంపెనీ గాదె ఉండేది. కోర్నీ నాన్న చలికాలంలో మంచు మీద జారే బండిలో గోధుమలు తోలుకొస్తే అక్కడి మనిషి కడ్డీకి చెయ్యి అడ్డం పెట్టి అంకె చెప్పేవాడు. నాన్నకి అంకెలు రావు. తలూపేవాడు. ఇంటికొచ్చాక అమ్మ, "సరిగ్గా తూచాడా?" అని అడిగేది. నాన్న జవాబు చెప్పకుండా గుర్రాల తోలుపట్టీలు విప్పుతూ ఉండిపోయేవాడు. విప్పాల్సినవి అయిపోయినా ఇంకా విప్పుతున్నట్టే నిలబడేవాడు.

"తూచు అన్నయ్యా!"

బయట టీనా షెల్లెన్‌బర్గ్ గొంతు. మొగుడు పోయాక ఆమే సేద్యం చేసుకుంటోంది, ఆమే లారీ నడుపుతుంది. కోర్నీ తూకం గదిలోకి వెళ్ళి కిటికీకి వీపు పెట్టాడు. నిండు బండి తూచాడు. ఎత్తుడుబల్ల మీద బండి ముందు చక్రాలు పైకి లేచాయి, గోధుమలు కింది గుంటలోకి జారాయి, దుమ్ము లేచింది. ఓ పిడికెడు గింజలు నోట్లో వేసుకుని నమిలాడు. పొడిగానే ఉన్నాయి. తేమ తరుగు కొయ్యనక్కర్లేదు.

"ఖాళీ బండి, అన్నయ్యా!"

ఖాళీ బండి తూచాడు. నిండు తూకంలోంచి ఖాళీ తూకం తీసేస్తే మిగిలింది రైతు తెచ్చిన గింజ. చీటీ రాసి కిటికీలోంచి వెనక్కి చెయ్యి చాపాడు.

"టీనా, నీ బండి పోయినేటికంటే బరువెక్కింది."

"వరద బురద అన్నయ్యా. అడుగున పట్టేసింది. అంత తొందరగా వదుల్తుందా?"

నడవ బయట బెంచీ మీద కూర్చున్న అబ్రామ్ హైన్‌రిక్స్ గట్టిగా నవ్వాడు. ఊళ్ళో అందరికంటే లావుపాటి మనిషి. పొద్దుతిరుగుడు గింజలు నోటి ఓ పక్కనుంచి వేసుకుని ఇంకో పక్కనుంచి తొక్కలు ఊసేవాడు, మాట ఆగేది కాదు.

"బండి బరువెక్కిందని ఆడమనిషితో అనకూడదు కోర్నీ అన్నా! మనసు కష్టపెట్టుకుంటది!"

"నోరు మూసుకో అబ్రామూ," అంది టీనా. ఆమె మొహం ఎందుకో ఎర్రబడింది. కోర్నీ చూడలేదు. ఆయన చూడడని ఆమెకి తెలుసు.

తొమ్మిది కొట్టకముందే విన్నిపెగ్ నుంచి రైతుల సంఘం తనిఖీ మనిషి మెక్‌ఫీ వచ్చాడు. ఎర్ర మీసాలు, శుభ్రమైన చేతులు, మంచివాడు. గాదెమనిషి మారేటప్పుడు గాదెలో ఉన్న ప్రతి గింజా కిందికి దించి తూచాలి. ఏడాదంతా ఎంత వచ్చింది, రైలుకి ఎంత ఎక్కింది, ఎంత ఉండాలి, ఎంత ఉంది. వరదలో తడిసి పాడైన గింజని మేలోనే తూచి, రాసి, అవతల పారబోశారు. ఆ మూట విప్పే పని లేదు. మిగిలిన గరిసెలే ఇవాళ చూడాలి.

ఊళ్ళో అందరికీ ఉన్న భయం తరుగు భయం. రైలుదారిలో తర్వాతి ఊరి గాదెమనిషికి కిందటేడు తరుగు పడింది. దొంగ అని ఎవరూ అనలేదు. పెన్షనులో కోశారు, అంతే. కానీ చర్చిలో ఆయన పక్కన కూర్చునేవాళ్ళు ఒక బెంచీ వెనక్కి జరిగారు. కోర్నీకి కన్ను సరిగా ఆనడం లేదు. గాదె మూడు వారాలు నీళ్ళలో నిలబడింది. గరిసెల చెక్కలు ఉబ్బి, మళ్ళీ ఎండాయి. ఏ సందున ఎంత కారిందో ఎవరికి తెలుసు? జనం ఆ మాట కోర్నీ ముందు అనలేదు. వెనక చాలా అన్నారు.

కోర్నీ మాత్రం భయపడలేదు. తను ఎలా తూచాడో తనకి తెలుసు.

పగలంతా ఇంజను ఆడింది. గరిసె అడుగు తలుపు తీస్తే గోధుమలు వానలాగా దిగేవి, గొలుసు బొక్కెనలు వాటిని పైకి మోసేవి, పైన తూచి మళ్ళీ కిందికి వదిలేవాళ్ళు. మెక్‌ఫీ అంకెలు రాసుకునేవాడు. కోర్నీ ప్రతి గరిసెలోకీ తాడు పట్టుకుని దిగి, మూలలన్నీ చిన్న చీపురుతో ఊడ్చి, ఆఖరి గింజ కూడా పోయాక పైకొచ్చేవాడు. మధ్యాహ్నం పెళ్ళాం లేనా డబ్బాలో రొట్టె, పంది తొడ మాంసం పంపింది. మెట్టు మీద కూర్చుని తిన్నాడు. సగం మెక్‌ఫీకి ఇచ్చాడు.

ఎండ వాలేసరికి బయట బెంచీ నిండిపోయింది. అబ్రామ్, టీనా, టేవ్స్ అన్నదమ్ములిద్దరు, ముసలి ఉన్‌రౌ. పని ఉన్నట్టు ఎవరూ నటించడం కూడా లేదు. లోపల మెక్‌ఫీ కూడికలు ఒకసారి వేశాడు, మళ్ళీ వేశాడు. తర్వాత నవ్వుతూ తలెత్తాడు.

"మంచి కబురు, ఫాల్క్. తరుగు లేదు. ఇరవై ఆరు బుషెళ్ళు మిగులు."

కోర్నీ కదల్లేదు.

"వినిపించిందా? మిగులు. ఇంత గాదెకి ఇదేమీ లెక్కలోది కాదు. పైవాళ్ళు అడగరు కూడా. ఇక్కడ సంతకం పెట్టు."

కోర్నీ బోర్లించిన బొక్కెన మీద కూర్చున్నాడు. పెద్ద చేతులు మోకాళ్ళ మధ్య వేలాడాయి. అప్పుడన్నాడు:

"తరుగు పడితే నా పెన్షనులో కోసుకుందురు."

"అవును. కానీ పడలేదుగా."

"మిగిలింది. మరి నేను ఎవరి దాంట్లో కోసినట్టు?"

మెక్‌ఫీ కలం కింద పెట్టాడు. అతనికి అర్థమైంది.

కోర్నీకి నాన్న గుర్తొచ్చి ఉంటాడు. కడ్డీకి అడ్డం పెట్టిన ఆ కంపెనీ మనిషి చెయ్యి గుర్తొచ్చి ఉంటుంది. తన చెయ్యి చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళో గింజ తెచ్చిన ఏ రైతూ ఇంటికెళ్ళి పెళ్ళానికి జవాబు చెప్పలేక నిలబడకూడదనే కదా ఈ గది. ఇరవై ఆరు బుషెళ్ళు. బుషెలుకి అరవై పౌన్ల గోధుమ. అవి ఎవరివో తెలియదు. తెలియకపోతే తిరిగి ఇవ్వడానికి లేదు.

లేచి నడవలోకొచ్చాడు.

"ఆగనేటా టీచరమ్మ మనందరికీ చలికాలం రాత్రిబళ్ళో పద్దులు నేర్పింది. గుర్తుందా?" అన్నాడు.

గుర్తుండకేం. గాదె కట్టిన కొత్తలో వాటాదారులందరికీ లెక్క చూసుకోవడం రావాలని సంఘం పెట్టిన బడి అది. పిల్లల బల్లల్లో మోకాళ్ళు పట్టక ఇంత ఇంత మనుషులు ఇరుక్కుని కూర్చున్నారు. అబ్రామ్ కింద బల్ల విరిగింది కూడా.

"మొదటి రోజు ఏం చెప్పింది?"

"వచ్చిన సరుకు ఎడమ పక్క," అన్నాడు చిన్న టేవ్స్, బడిలో నిలబెట్టినట్టు.

"ఇచ్చిన మనిషి పేరు కుడి పక్క," అన్నాడు ఉన్‌రౌ.

"ఏదీ ఒక పక్కనే రాయకూడదు," అంది టీనా, నెమ్మదిగా.

"ఇరవై ఆరు బుషెళ్ళు వచ్చింది. ఎడమ పక్క రాశాను. కుడి పక్క ఖాళీ. ఎవరిది?"

అబ్రామ్ నోట్లో గింజ ఆగింది.

"దేవుడిచ్చాడనుకో అన్నా," అన్నాడు చివరికి.

"దేవుడికి ఈ గాదెలో ఖాతా లేదు."

చిన్న టేవ్స్ నవ్వబోయి అన్న మోచెయ్యి తగిలి ఆగిపోయాడు. కోర్నీ వాళ్ళని దాటి బయటికి చూశాడు. మామూలుగా అటు చూసే మనిషి కాదు. గాదె ముందు లారీలు వరసగా ఆగి ఉన్నాయి. అబ్రామ్‌ది, టీనాది, టేవ్స్‌లది. నెల రోజులుగా చినుకు లేదు. చక్రాల మీద తెల్లటి పొడి దుమ్ము తప్ప ఏమీ లేదు. వెళ్ళి టీనా లారీ దగ్గర నడుం వంచి, కింద చెయ్యి పెట్టి తడిమాడు. చేతికి దుమ్మే వచ్చింది.

"బురదేదీ?" అన్నాడు.

టీనా తల దించుకుంది.

"అబ్రామూ, ఖాళీ బండి తూచేటప్పుడు నువ్వు ఎక్కడుంటావు?"

"ఎక్కడుంటాను, కింద. నువ్వే కదా పెట్టావు, నడిపేవాడు రెండుసార్లూ దిగాలని."

"నా మొహం చూసి చెప్పు."

అబ్రామ్ టోపీ తీశాడు. బట్టతల మీద చెమట మెరిసింది.

"నిండు బండికి దిగాను," అన్నాడు. "ఖాళీ బండికి... దిగలేదు."

"బండిలోనే కూర్చున్నావా?"

"కూర్చున్నా."

దిగకపోతే ఖాళీ బండి బరువు ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువ చూపించినంత రైతు చీటీలోంచి పోతుంది, గాదెలో మిగులుతుంది. పాతకాలంలో కంపెనీ గాదె దగ్గర కొందరు రైతులు నిండు బండి మీద నక్కి కూర్చుని, ఖాళీ బండికి దూకేసేవాళ్ళు. ఇది దానికి తిరగేసిన దొంగతనం. ఎవరి ఒళ్ళు ఎంత బరువుంటే అంత గోధుమ గాదెకి పారేశారు.

"ఎంతమంది?" అన్నాడు కోర్నీ.

బెంచీ మొత్తం లేచి నిలబడింది.

"నీకు తరుగు పడుద్దేమోనని అన్నయ్యా," అంది టీనా. "పక్కూరాయనకి చేసినట్టు నీకు చేస్తే మేం చూసి ఊరుకోవాలా?"

"అంటే నన్ను నమ్మలేదు."

"నిన్ను కాదన్నా," అబ్రామ్ గొంతు పైకొచ్చింది. "వరదని నమ్మలేదు. నిన్ను నమ్మబట్టే కదా కూర్చోగలిగాం! నువ్వు వెనక్కి తిరిగి చూడవని ఊరందరికీ తెలుసు. ఒక్కసారి చూసుంటే దొరికిపోయేవాళ్ళం. ఇరవై ఏళ్ళల్లో ఒక్కసారీ చూడలేదు నువ్వు!"

కోర్నీ దవడ కదిలింది. కోపమో ఇంకేమో తెలియలేదు. కాటా వైపు చెయ్యి చూపించాడు.

"ఎక్కండి."

"ఆఁ?"

"ఒక్కొక్కళ్ళూ ఎక్కండి. ఎన్నిసార్లు దిగలేదో చెప్పండి. చీటీ రాస్తాను."

"మమ్మల్ని తూస్తావా? గోధుమల్లాగా?"

"గోధుమలే మీరు."

మెక్‌ఫీ తూకం గది గుమ్మంలో నిలబడి అన్నీ విన్నాడు. గడియారం తీసి చూసి, "గాదె లెక్కల ఏడాది ఇవాళ రాత్రికి గానీ అయిపోదు," అన్నాడు. "చీటీలు రాయొచ్చు."

కోర్నీ గదిలోకి వెళ్ళి కిటికీకి వీపు పెట్టాడు.

అబ్రామ్ కాటా మీద ఒక్కడే నిలబడ్డాడు. లారీలు ఎక్కే అంత పెద్ద బల్ల మీద ఒక మనిషి నిలబడితే ఎంత లావువాడైనా చిన్నగా కనిపిస్తాడు. "మూడు సార్లు," అన్నాడు. లోపలి నుంచి అంకె వినిపించింది. బెంచీ దగ్గర టేవ్స్‌లు ఈలేశారు. "దున్నపోతు కూడా ఇంత తూగదురా!" "కోర్నీ అన్నా, దీనికి తేమ తరుగు కొయ్యి, చెమటే సగముంది!" అబ్రామ్ అటువైపు తొక్కలు ఊశాడు.

టీనా వంతు వచ్చింది. ఎక్కి ఆగిపోయింది.

"అన్నయ్యా, నాది పైకి చదవొద్దు."

"చీటీ మడిచి ఇస్తాను," అంది లోపలి గొంతు.

"రెండుసార్లు," అంది టీనా, లెక్క ఒప్పుకుంటున్నట్టు కాక ఎవరినో సవాలు చేస్తున్నట్టు. కడ్డీ రెండు గాట్ల నడుమ ఊగిందేమో, కోర్నీ చెయ్యి చెవి మీదికి వెళ్ళడం గుమ్మంలోని మెక్‌ఫీకి కనిపించింది. ఎడమ చెవి మీది పెన్సిలు తీసి, అంకె రాసి, కుడి చెవి మీద పెట్టుకున్నాడు. టీనాకి సగం ఎక్కువే వచ్చిందన్నమాట. టేవ్స్‌లు ఎక్కారు. ఉన్‌రౌ కర్రతో ఎక్కబోతే, "కర్ర కింద పెట్టు పెదనాన్నా, అది ఆ రోజు బండిలో ఉందా?" అని అడిగాడు కోర్నీ. ఉందన్నాడు ఉన్‌రౌ. అయితే కర్రతోనే తూచాడు.

చీటీలన్నీ మెక్‌ఫీ ముందు పడ్డాయి. అతను కూడాడు. ఇరవై ఆరు బుషెళ్ళలోంచి తీశాడు. మీసం చివర ఒకసారి మెలిపెట్టుకున్నాడు.

"ఇరవై పౌన్లు," అన్నాడు. "మొత్తం గాదెకి. ఇంతకంటే ఎక్కువ నా బూట్లలో ఉంటుంది, ఫాల్క్."

బెంచీ మీద ఎవరూ అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. అలాంటివి అక్కడ అలవాటు లేదు. ముసలి ఉన్‌రౌ మాత్రం టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అది చూసి మిగతావాళ్ళూ తీశారు. చర్చిలో తప్ప ఉన్‌రౌ టోపీ తియ్యడం ఎవరూ చూడలేదు.

కోర్నీ సంతకం పెట్టాడు. అక్షరాలు పెద్దవిగా, దూరదూరంగా ఉన్నాయి. తాళంచెవులు మెక్‌ఫీకి ఇచ్చాడు. గింజ దుమ్ము దులుపుకుని, కోటు కొక్కెం మీద నుంచి తీసుకుని, ఎవరికీ చెప్పకుండా నడిచాడు. కాటా దాటుతుంటే తూకం గదిలో కడ్డీ ఒకసారి లేచి మళ్ళీ పడుకుంది. చూడటానికి అప్పటికి లోపల ఎవరూ లేరు.

ఇంట్లో లేనా ఎండుపళ్ళ చారు చల్లారబెట్టి ఉంచింది. ఆయన కూర్చునేదాకా ఆగి అడిగింది.

"ఎంత తేడా?"

"ఇరవై పౌన్లు."

"ఎటు?"

"మిగులు."

ఆమె గిన్నె ముందుకి జరిపింది. "సరిగ్గానే తూచావన్నమాట," అంది.

కోర్నీ చెంచా చేతిలో పట్టుకుని ఆగాడు. ఈ మాట ఇంట్లో ఒకరు అడగడమే విన్నాడు గానీ అనడం ఎప్పుడూ వినలేదు.

"సరిగ్గానే తూచాను," అన్నాడు.

మర్నాడు కోడి కూయకముందే లేచాడు. బూట్లు వేసుకున్నాడు, వాటి తాళ్ళు కట్టుకున్నాడు, అప్పుడు గుర్తొచ్చి మళ్ళీ విప్పాడు. వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వీధి చివర గాదె కనిపిస్తోంది, నడుమెత్తున వరద గీతతో. కొత్త గాదెమనిషి తలుపులు తీసిన చప్పుడైంది. టీనా లారీ దుమ్ము లేపుకుంటూ వచ్చి నడవలోకి ఎక్కింది. "తూచండి!" అన్న కేక ఇక్కడిదాకా వినిపించింది. కోర్నీ లేచి, కుర్చీ ఎత్తి, వీపు గాదె వైపుకి తిప్పి వేసుకుని మళ్ళీ కూర్చున్నాడు. చెయ్యి దానంతట అది కుడి చెవి మీదికి వెళ్ళింది. అక్కడేమీ లేదు.

తూకం గదిలో, కడ్డీ కింది చెక్క మీద, పళ్ళగాట్లు పడిన పెన్సిలు ముక్క ఎటూ మొగ్గకుండా పడుకుని ఉంది.